మెయిన్ ఎప్పుడు పడింది?



ఇంట్లో ఉన్నట్టుండి కరెంటు పోతే ముందు కిటికీలోంచి పక్కింటి వైపు చూస్తాం. వాళ్ళకీ లేకపోతే ప్రాణం కుదుటపడుతుంది. వాళ్ళ ఫ్యాను తిరుగుతూ మన ఫ్యాను ఒక్కటే ఆగిందంటే మాత్రం మెయిన్ పడిపోయిందన్నమాట. వెంటనే సెల్‌ఫోన్ లైటు వేసుకుని డబ్బా దగ్గరికి వెళ్ళి, కిందికి వాలిన మీటను పైకి లేపుతాం. నిలబడితే సరే. మళ్ళీ పడితే మళ్ళీ లేపుతాం. మూడోసారి వేలితో అదిమి పట్టుకుని చూస్తాం. అలా పట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఈ బ్రేకర్ల తయారీయే అలాంటిది. పైన మీ వేలు మీటను పట్టుకునే ఉన్నా లోపల కాంటాక్టులు విడిపోయి తీరతాయి.

ఈ పూట నేను మీతో చెప్పదలచుకున్న మాట ఒక్కటే. మెయిన్ పడగానే దాన్ని లేపకండి, ముందు టైము చూడండి. అది ఎప్పుడు పడింది? పడేముందు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి? లేపాక ఎంతసేపు నిలబడింది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే లోపం సగం దొరికినట్టే. ఎలక్ట్రీషియన్ వచ్చాక "ఊరికే పడిపోతోందయ్యా" అన్నామనుకోండి, అతను ఇల్లంతా వెతకాలి. "పొద్దున గీజరు వేసిన నిమిషంలో పడుతోంది" అన్నామంటే నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్తాడు. మనకు ఖర్చూ తగ్గుతుంది, అతనికి శ్రమా తగ్గుతుంది.

ముందుగా అసలు పడుతున్నది ఏమిటో గుర్తుపట్టాలి. డబ్బా తలుపు తెరవండి. లోపల వరసగా చిన్న చిన్న మీటలుంటాయి. అవి గదులకూ, ఏసీలకూ, గీజర్లకూ విడివిడిగా పెట్టిన ఎంసీబీలు. వాటి పక్కన కాస్త వెడల్పుగా రెండు వైర్లు ఎక్కించినది మెయిన్. త్రీ ఫేజు ఇళ్ళలో నాలుగు వైర్లుంటాయి. ఆ మెయిన్ మీద చిన్న బటను, దాని మీద 'టీ' అనో 'టెస్ట్' అనో రాసి ఉందా? ఉంటే అది ఆర్‌సీసీబీ. మనవాళ్ళు పాత అలవాటుకొద్దీ ఈఎల్‌సీబీ అంటుంటారు. దాని ఒంటి మీద 30 మిల్లీ ఆంపియర్లు అని గానీ, 0.03 ఆంపియర్ అని గానీ అచ్చువేసి ఉంటుంది. బటను లేకుండా సీ32 అనో సీ40 అనో ఉంటే అది మామూలు ఎంసీబీ. కొన్ని ఇళ్ళలో డబ్బాలో మెయిన్‌గా ఉన్నది ఒట్టి ఐసొలేటరు. అది మనం దించితే దిగుతుంది తప్ప దానంతట అది పడదు. అలాంటి ఇంట్లో పడుతున్నది బయట మీటరు కింద ఉన్న ఎంసీబీ అన్నమాట. అక్కడిదాకా వెళ్ళి చూడాలి.

ఈ తేడా ఎందుకు చూడాలంటే, ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ పట్టించుకునే విషయాలు వేరు. ఎంసీబీకి కావలసింది వైరులో ఎంత కరెంటు పోతోందన్నదే. వైరు మోయలేనంత పోతే పడిపోతుంది. ఆర్‌సీసీబీకి ఎంత పోతోందన్నది పట్టదు. దొడ్లోంచి పొద్దున బయటికి వెళ్ళిన గొర్రెలన్నీ సాయంత్రం తిరిగొచ్చాయా లేదా అని లెక్కపెట్టే కాపరి లాంటిది అది. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో వెనక్కి రావాలి. లెక్క తగ్గిందంటే మధ్యలో ఎక్కడో నేలలోకి దిగిపోతోంది. అది తడిసిన గోడ గుండా కావచ్చు, గీజరు ఒంటి గుండా కావచ్చు, ఖర్మ కాలితే ఒక మనిషి గుండా కావచ్చు. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లు చేరేలోపే అది పడిపోవాలి.

30 మిల్లీ ఆంపియర్లంటే ఎంతో చెబుతాను. పూజగదిలో, పడకగదిలో ఒకప్పుడు జీరో బల్బులు వెలిగేవి గుర్తుందా? పేరుకే జీరో, అవి తినేది సుమారు 15 వాట్లు. 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే 65 మిల్లీ ఆంపియర్లు. అందులో సగం కూడా కాదు ఈ 30. అంత కొంచానికే ఇల్లంతా ఆపెయ్యాలా అంటే, ఆపాలి. అమెరికాలోని బర్క్‌లీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్ మనిషి ఒంటి మీద కరెంటు ప్రభావాన్ని ఏళ్ళ తరబడి కొలిచాడు. వైరు పట్టుకున్న చెయ్యి దానంతట అది వదిలించుకోగల హద్దు మగవాళ్ళలో సగటున 16 మిల్లీ ఆంపియర్లని, ఆడవాళ్ళలో పదిన్నరని తేల్చాడు. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి వదలదు. ఆ పరిశోధన చేసిన మనిషే 1961లో అమెరికా ఇళ్ళకు ఇలాంటి రక్షణ పరికరాన్ని రూపొందించాడు. అందుకని ఆర్‌సీసీబీ పడినప్పుడు విసుక్కోకండి.

ఇక టైము సంగతికి వద్దాం.

మొదటి రకం. లేపీ లేపకముందే టప్పున పడిపోతుంది, ఒక్క క్షణం కూడా నిలవదు. పడుతున్నది ఎంసీబీ అయితే అది షార్ట్ సర్క్యూట్. ఫేజూ న్యూట్రలూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. అలా తగిలినప్పుడు వందల ఆంపియర్లు ఒక్కసారిగా పరుగెత్తుతాయి. ఎంసీబీలో ఒక తీగచుట్ట ఉంటుంది. ఆ కరెంటుకు అది అయస్కాంతమై, సెకనులో పదో వంతు లోపే మీటను పడగొడుతుంది. సీ32 అని రాసి ఉన్నది 160 నుంచి 320 ఆంపియర్ల మధ్య ఎక్కడైనా ఇలా తక్షణం పడుతుంది. సీ అన్న అక్షరానికి అర్థం అదే, రాసిన అంకెకు అయిదు నుంచి పది రెట్లు.

చాలామంది అడుగుతుంటారు. పిల్లల గదిలో ప్లగ్గు కాలితే ఆ గది ఎంసీబీ కదా పడాలి, ఇల్లంతా చీకటి ఎందుకవుతోందని. షార్ట్‌లో పోయే కరెంటు చిన్న ఎంసీబీ హద్దునూ దాటుతుంది, మెయిన్ హద్దునూ దాటుతుంది. రెండిటికీ ఒకే క్షణంలో కబురు అందుతుంది. ఒక్కోసారి మెయినే ముందు పడుతుంది, చిన్నది నిలబడే ఉంటుంది. అందుకని మెయిన్ పడిందంటే లోపం మెయిన్‌లోనో సర్వీసు వైరులోనో ఉందని అనుకోనక్కర్లేదు. మూల గదిలో నలిగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా కారణం కావచ్చు.

ఇలాంటి చోట్ల వెతకవలసినవి మనకు తెలిసినవే. నిన్న గోడకు ఫోటో పెట్టడానికి మేకు కొట్టారా? స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనో కిందో కొట్టి ఉంటే, గోడలోపలి గొట్టం సరిగ్గా అక్కడే ఉంటుంది. బోర్డులోకి బల్లి దూరి రెండు టెర్మినళ్ళ మధ్య అడ్డం పడిందా? మంచం కాలి కింద వైరు నలిగిందా? బోరు మోటారు వేయగానే పడుతోందా? మోటారు తిరగకుండా గుయ్యిమని మూలిగి పడేస్తుంటే కెపాసిటరు పోయి ఉండొచ్చు, లేదా పంపు పట్టేసి ఉండొచ్చు. కదలని మోటారు మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది.

రెండో రకం. లేపితే నిలబడుతుంది. పావుగంటకో అరగంటకో పడుతుంది. కాసేపు ఆగి లేపితే మళ్ళీ కొంతసేపు బాగానే ఉంటుంది. ఇది లోడు ఎక్కువైనప్పటి లక్షణం. ఎంసీబీలో తీగచుట్టతో పాటు రెండు లోహాలు అతికించిన ఒక రేకు కూడా ఉంటుంది. కరెంటు ఎక్కువ పోయేకొద్దీ అది వేడెక్కి వంగుతుంది. వంగి వంగి చివరికి మీటను తప్పిస్తుంది. అందుకే దానికి టైము పడుతుంది. పడిన వెంటనే లేపితే కొన్నిసార్లు నిలవకపోవడానికీ, చల్లారాక నిలవడానికీ కారణం ఆ రేకే.

ఒక ఇంటి పొద్దుటి ఏడున్నర లెక్క వేద్దాం. రెండు బాత్‌రూముల్లో రెండు గీజర్లు, ఒక్కొక్కటి 2000 వాట్లు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ 1800. పక్కన పచ్చడి తిరుగుతున్న మిక్సీ 750. హాల్లో ఇస్త్రీ పెట్టె 1000. కింద సంపు నుంచి ట్యాంకుకు నీళ్ళెక్కిస్తున్న ఒక హార్స్‌పవర్ మోటారు, లాగేది సుమారు 1100. మొత్తం 8650 వాట్లు. 230తో భాగిస్తే ముప్పై ఏడున్నర ఆంపియర్లు. ఆ ఇంట్లో మెయిన్ 32 ఆంపియర్లది.

మరి వెంటనే పడాలి కదా అంటారు. పడదు. ప్రమాణాల ప్రకారం ఎంసీబీ తన మీద రాసిన అంకెకు 1.13 రెట్ల దాకా గంటసేపైనా మోయాలి. 1.45 రెట్లు చేరితే గంటలోపు పడిపోవాలి. మన 32కు ఆ హద్దులు సుమారు 36, 46 ఆంపియర్లు. ముప్పై ఏడున్నర ఆ రెండింటి మధ్యలో పడింది. కాబట్టి ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. ఇస్త్రీ అయిదు నిమిషాల్లో అయిపోయిన రోజు బతికిపోతుంది. పిల్లల యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే పడిపోతుంది. ఇంట్లోవాళ్ళు దీన్నే "ఎప్పుడు పడుతుందో తెలీదు" అంటారు. లెక్క వేస్తే తెలుస్తుంది.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. ఆ అంకెలన్నీ 30 డిగ్రీల వేడిలో కొలిచినవి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం, పడమటి గోడకు ఎండ నేరుగా తగిలే చోట డబ్బా ఉందనుకోండి. ఆ రేకు కరెంటు రాకముందే సగం వేడెక్కి ఉంటుంది. రాసిన దానికన్నా తక్కువకే పడిపోతుంది. పైగా ఆ వేళలోనే వోల్టేజీ తగ్గుతుంది. తగ్గితే ఇస్త్రీ పెట్టె, గీజరు తక్కువ కరెంటు తీసుకుంటాయి గానీ, మోటార్లూ పాతకాలపు ఏసీలూ తమ పని చేయడం కోసం ఎక్కువ లాగుతాయి. ఏసీలు నడిచే కాలంలోనే మెయిన్ ఎక్కువగా పడడానికి ఇన్ని కారణాలు కలిసొస్తాయి.

లోడు లెక్కకు సరిపోతున్నా ఇలాగే ఆగి ఆగి పడుతుంటే, వైరు బిగింపును అనుమానించాలి. ఎంసీబీలో వైరు బిగించిన స్క్రూ వదులైతే అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడి పక్కనే ఉన్న రేకును తాకుతుంది. కరెంటు సరిగానే ఉన్నా ఎక్కువైందని అది పొరబడుతుంది. మీటరు నుంచి వచ్చే వైరు అల్యూమినియంది అయితే వేడికి సాగి, చల్లారి ముడుచుకుని బిగింపు వదులయ్యే గుణం ఎక్కువ. గుర్తులు కంటికి కనిపిస్తాయి. వైరు మీది తొడుగు టెర్మినల్ దగ్గర గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉంటుంది. ఎంసీబీ ఆ చివర తెలుపు పోయి పసుపు తేలుతుంది. కాలిన చేప వాసన లాంటిది వస్తుంది. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా మీటతో ఆడకండి. మెయిన్ దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. చిన్న బిగింపుతో పోయేదాన్ని వదిలేస్తే డబ్బా అంటుకుంటుంది.

మూడో రకం. ఒక వస్తువు వేసినప్పుడే పడుతుంది. పడేది సాధారణంగా ఆర్‌సీసీబీ. నేరస్తుల జాబితాలో మొదటి పేరు గీజరుది. లోపల నీళ్ళు కాచే కడ్డీని విప్పి చూస్తే విషయం అర్థమవుతుంది. మన బోరునీళ్ళు చాలా ఊళ్ళలో ఉప్పు నీళ్ళు. కడ్డీ చుట్టూ సున్నపు పెచ్చు వేలెడు మందాన పట్టి ఉంటుంది. పెచ్చు కింద వేడి బయటికి పోలేక కడ్డీ మితిమీరి కాగి, పైనున్న లోహపు గొట్టం ఎక్కడో సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లినచోట నీళ్ళు లోపలికి దిగి తీగను తాకుతాయి. అక్కణ్ణుంచి కరెంటు నీళ్ళలోకి, ట్యాంకులోకి, ఎర్తు వైరులోకి నడుస్తుంది. ఆర్‌సీసీబీకి లెక్క తగ్గుతుంది, పడిపోతుంది. ఎర్తు సరిగా లేని ఇంట్లో, ఆర్‌సీసీబీ కూడా లేని ఇంట్లో, అదే కరెంటు షవరు కింద నిలబడ్డ మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

గీజరుతోనే ఇంకో విచిత్రం ఉంది. వేసవంతా వాడకుండా వదిలేసిన గీజరును కార్తీకంలో మొదటి చలికి వేస్తే మెయిన్ పడుతుంది. ఆ కడ్డీలో తీగకూ పై గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. వానాకాలమంతా దాని చివరల గుండా తేమ లోపలికి చేరితే అది కాస్త కరెంటును జారనిస్తుంది. ఎలక్ట్రీషియన్ కడ్డీని ఆరబెట్టి మళ్ళీ పరీక్షిస్తే కొన్ని బాగుపడతాయి, కొన్ని మార్చాల్సి వస్తుంది. ఓవెన్లు, వేడినీళ్ళ వాషింగ్ మెషీన్లు, ఇస్త్రీ పెట్టెలు, అన్నిటి కడ్డీలదీ ఇదే కథ.

నాలుగో రకం. వాన పడితే పడుతుంది, ఎండ కాస్తే నిలబడుతుంది. ఇది సులువు. బయట ఉన్నవి చూడండి. గేటు లైటు, డాబా మీద లైటు, బాల్కనీలో ప్లగ్గు, కాలింగ్ బెల్, సంపు మోటారు స్టార్టరు. గేటు లైటు డోము ఒక్కసారి విప్పితే అడుగున పసుపు నీళ్ళూ, చచ్చిన పురుగులూ, తుప్పు పట్టిన హోల్డరూ కనిపిస్తాయి. డాబా పగులు నుంచి దిగిన నీళ్ళు శ్లాబులోని గొట్టంలోకి చేరి ఫ్యాను హుక్కు దగ్గర చుక్కలు కారుతుంటే మాత్రం అది మన పరిధిలో లేదు. వాన వెలిసిన రెండు రోజులకు ఆరిపోయి అంతా బాగున్నట్టు నటిస్తుంది. నమ్మకండి. పెద్ద ఉరుము ఉరిమినప్పుడు ఒక్కసారి పడి, లేపితే నిలబడి, మళ్ళీ పడకపోతే అది పిడుగు వల్ల లైనులో వచ్చిన ఉరవడి. దానికి కంగారు అక్కర్లేదు.

అయిదో రకం అందరినీ తిప్పలు పెట్టేది. ఏ వస్తువు వేసినా వేయకపోయినా, అర్ధరాత్రి కూడా, తీరూ తెన్నూ లేకుండా పడుతుంది. తీరు ఉంటుంది, కనపడదంతే. రాత్రి రెండింటికి ఇంట్లో ఏం వేశారు అంటే ఎవరూ ఏమీ వేయలేదంటారు. నిజమే, మనుషులు వేయలేదు. ఫ్రిజ్ తనంతట తాను మంచు కరిగించుకోవడానికి కొన్ని గంటలకొకసారి లోపలి హీటరు వేసుకుంటుంది. ట్యాంకు ఖాళీ అయితే ఆటోమేటిక్ స్టార్టరు మోటారు వేస్తుంది. అందుకే టైములు రాసుకోమన్నది. నాలుగు టైములు రాసి వాటి మధ్య ఎడం చూస్తే ఫ్రిజ్ దొరికిపోయిన ఇళ్ళున్నాయి.

ఇంకొకటి న్యూట్రల్ గొడవ. ఇన్వర్టర్ పెట్టించిన మర్నాటి నుంచి ఆర్‌సీసీబీ పడడం మొదలైందంటే కారణం తొంభై పాళ్ళు అక్కడే. ఇన్వర్టరుకు ఫేజు ఒక చోట నుంచి తీసి, న్యూట్రల్ మాత్రం అందుబాటులో ఉన్నది కలిపేస్తారు. ఆర్‌సీసీబీ గుండా వెళ్ళిన కరెంటు ఇంకో దారిన తిరిగొస్తుంది. ఎక్కడా లీకేజీ లేదు, ఎవరికీ ప్రమాదం లేదు, కానీ లెక్క కుదరదు. అపార్ట్‌మెంట్లలో జనరేటరు లైను కలిపిన చోటా ఇంతే. వైరింగు విడదీసి, ఇన్వర్టరు న్యూట్రల్‌ను వేరు చేస్తే తప్ప తీరదు.

అలాగే న్యూట్రల్ ఎక్కడో ఎర్తుకు తగిలినా ఆర్‌సీసీబీ పడుతుంది. ఇది దొంగ లోపం, ఎందుకంటే గదుల ఎంసీబీలు మామూలుగా ఫేజును మాత్రమే తెంచుతాయి. అన్నీ దించేసినా న్యూట్రల్ కలిసే ఉంటుంది. "అన్నీ ఆపేసినా పడుతోందండీ, కాబట్టి ఆర్‌సీసీబీయే పోయింది" అని కొత్తది కొనేవాళ్ళు చాలామంది. కొత్తదీ పడుతుంది.

ఏ లోపమూ లేకుండా కూడా పడే సందర్భం ఒకటుంది. కంప్యూటరు, టీవీ, ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషీను, వరసగా ఎల్‌ఈడీ లైట్లు, ఇవన్నీ తయారీలోనే ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు ఎర్తుకు వదులుతాయి. 30 అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. మంచి వస్తువులే పది చేరి దాన్ని అంచుదాకా తెస్తాయి, పదకొండోది వేయగానే పడుతుంది. నింద ఆ పదకొండో దాని మీద పడుతుంది. అప్పుడు చేయాల్సింది ఇంటిని రెండు భాగాలు చేసి రెండు ఆర్‌సీసీబీలు పెట్టించడం.

ఇప్పుడు మన చేతులతో చేయగలిగిన పరీక్ష చెబుతాను. పగటిపూట చేయండి. చేతులు పొడిగా ఉండాలి, కాళ్ళకు రబ్బరు చెప్పులుండాలి. డబ్బా తలుపు తెరవచ్చు గానీ లోపలి మూత స్క్రూలు విప్పకూడదు.

ముందు గదుల ఎంసీబీలన్నీ దించండి. తర్వాత మెయిన్‌ను పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు పైకి లేపండి. పడినప్పుడు మధ్యలో ఆగిపోయే రకాలుంటాయి. వాటిని కిందిదాకా నొక్కకుండా లేపితే నిలబడవు, పాడైందని పొరబడతాం. అన్నీ దించి ఉన్నా మెయిన్ నిలవకపోతే అక్కడితో ఆపెయ్యండి. లోపం మెయిన్‌కూ గదుల ఎంసీబీలకూ మధ్య వైరులోనో, ఇందాక చెప్పిన న్యూట్రల్‌లోనో, మెయిన్‌లోనో ఉంది. అది ఎలక్ట్రీషియన్ పని.

నిలబడితే ఎంసీబీలను ఒక్కొక్కటే లేపండి. ఒకటి లేపాక ఒక నిమిషం ఆగండి. ఏది లేపగానే మెయిన్ పడిందో, లోపం ఆ లైనులోనే. మిగతావన్నీ లేపి దాన్నొక్కదాన్నే దించి ఉంచితే ఇల్లు నడుస్తుంది. ఆ లైను మీదున్న ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. అన్నీ పీకాక లేపితే నిలబడిందా? అయితే వస్తువులో లోపం. ఒక్కొక్కటీ పెడుతూ రండి, దొరుకుతుంది. పీకినా పడుతోందా? అయితే గోడలోపలి వైరింగులో లోపం. ఇదంతా కలిపి అరగంట పని.

ఆ తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ ఉందా అని అడగండి. అది 500 వోల్టులు పంపి వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ లైను బాగాలేదని అర్థం. పరీక్షించే ముందు టీవీల, కంప్యూటర్ల ప్లగ్గులు పీకించండి, ఆ 500 వోల్టులకు అవి పాడవుతాయి. టెస్టరు వెలుగుతోందా లేదా అన్న ఒక్క పరీక్షతో లీకేజీ తేలదు.

చేయకూడనివి రెండున్నాయి. మొదటిది, 32 పడుతోందని 63 పెట్టించడం. గోడలోపల ఉన్నది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే గొట్టంలో అది మోయగలిగేది ముప్పై ఆంపియర్ల చుట్టుపక్కలే. 63 పెడితే వైరులో అంత కరెంటూ పోనిచ్చినట్టే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. మెయిన్ పడదు నిజమే, గోడలో వైరు మాత్రం కాలుతుంది. నిజంగానే లోడు పెరిగితే ఒక వరస ఉంది. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు అని ఉంటుంది చూడండి. మూడు కిలోవాట్లని ఉండి ఇంట్లో రెండు ఏసీలు, రెండు గీజర్లు నడుపుతుంటే లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. సర్వీసు వైరు, మెయిన్ వైరు మార్పించండి. ఎంసీబీ మార్చడం అన్నిటికన్నా చివర. ఈలోగా ఖర్చు లేని ఉపాయం కూడా ఉంది, గీజరు ఆపాక మోటారు వేయడం.

రెండోది, ఆర్‌సీసీబీని తప్పించి వైర్లు నేరుగా కలిపేయడం. "డైరెక్ట్ ఇచ్చేశానండీ, ఇక పడదు" అని ఎవరైనా చెబితే సంతోషించకండి. మీ ఇంట్లో లీకేజీ అలాగే ఉంది, చెప్పేవాడే లేడు. 30 బదులు 100 మిల్లీ ఆంపియర్లది పెట్టడం కూడా దాదాపు అలాంటిదే, మనిషిని కాపాడేది 30. అయితే ఆర్‌సీసీబీ ఉందని నిశ్చింత కూడా వద్దు. నేలకు తగలకుండా ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి అది గుర్తించలేదు. దానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది.

కొన్ని సందర్భాల్లో అసలు లేపకూడదు. ఎవరికైనా షాక్ కొట్టి మెయిన్ పడితే, కారణం దొరికేదాకా లేపవద్దు. కాలిన వాసన వచ్చినా, డబ్బా వేడిగా ఉన్నా, ఇంట్లోకి నీళ్ళు వచ్చినా అంతే. లైట్లు కొన్ని మిరుమిట్లు గొలుపుతూ, కొన్ని మినుకుమినుకుమంటూ ఉంటే బయట న్యూట్రల్ తెగిందేమో. వెంటనే మెయిన్ మీరే దించి 1912కు ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విద్యుత్ ఫిర్యాదులకు అదే నంబరు. మీటరు సీలు వేసిన భాగం, స్తంభం నుంచి వచ్చే వైరు లైన్‌మన్ చూడాలి. మెయిన్ దాటి ఇంట్లోకి వచ్చింది మన బాధ్యత.

డబ్బా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి. ఏ మీట ఏ గదిదో రాయండి. కింద మెయిన్ పడిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడు నడుస్తున్నవి, వాన ఉందా లేదా, ఈ నాలుగూ ఒక్క ముక్కలో రాయండి. ఇంట్లో అందరూ రాయాలి. పగలు పడితే మీకు తెలియదు, ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది.

చివరిగా, ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. ఆర్‌సీసీబీ మీద టీ అని ఉన్న బటను కరెంటు ఉండగా ఒక్కసారి నొక్కండి. అంతకు ముందు కంప్యూటరు ఆపండి. నొక్కగానే పడాలి. పడితే లేపి ఆ కాగితం మీద తేదీ వేయండి, మూడు నెలలకోసారి ఇలాగే చూస్తుండండి. పడకపోతే ఇన్నాళ్ళూ అది పేరుకే ఉందన్నమాట, రేపే మార్పించండి. ఈ మాట ప్రసంగం మొదట్లోనే చెబితే సగం ఇళ్ళలో రేడియో ఆగిపోయేది. అందుకని ఇంతవరకూ ఆపాను.

ఇక వెళ్ళి నొక్కండి.